40 గ్రాముల వెచ్చదనం, 40 గ్రాముల చెమట

చలి దేశాల్లో ఆరుబయట పనిచేసేవాళ్ళు కొనుక్కునే తోలు బూటు పెట్టె మీద ఒక అంకె కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది: 400 గ్రాములు. పక్క అరలో 200 రాసినవి, 800 రాసినవి, 1,000 రాసినవీ ఉంటాయి. మొదటిసారి కొనేవాళ్ళు అది బూటు బరువేమో అనుకుంటారు, లేదా లోపల 400 గ్రాముల దూది కూరారేమో అనుకుంటారు. రెండూ కాదు. పై తోలుకూ లోపలి గుడ్డకూ మధ్య సన్నని పీచుతో చేసిన పొర ఒకటి పరుస్తారు. ఆ పొరను ఒక చదరపు మీటరు కొలిచి తూస్తే 400 గ్రాములు తూగుతుందని దాని అర్థం. ఎనిమిది అంగుళాల ఎత్తు బూటులో ఆ పొర పట్టే చోటు చదరపు మీటరులో పదో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. అంటే ఒక్కో బూటులో నిజంగా ఉండే ఇన్సులేషన్ సుమారు 40 గ్రాములు. పిడికిట్లో పట్టేంత.

ఇక రెండో లెక్క. శరీరంలో చెమట గ్రంథులు బాగా ఒత్తుగా ఉండే చోట్లలో అరికాలు ఒకటి. అక్కడ చదరపు సెంటీమీటరుకు 600 దాకా ఉంటాయి. వీపు మీద అందులో పదో వంతు మాత్రమే. మంచులో అటూ ఇటూ తిరుగుతూ, బరువులు ఎత్తుతూ పనిచేసే మనిషికి ఒక్కో పాదం గంటకు 5 గ్రాముల చెమట పోస్తుందనుకుందాం. పనివాడికి ఇది పెద్ద అంకేమీ కాదు. ఎనిమిది గంటల షిఫ్టు ముగిసేసరికి 40 గ్రాములు.

కాలిని కాపాడే పీచు 40 గ్రాములు, దాన్ని తడిపే చెమట 40 గ్రాములు. పెట్టె మీద మొదటిదాని జాడైనా ఉంటుంది, రెండోదానిది ఉండదు. బూటు కొనేటప్పుడు అడగాల్సింది ఆ రెండో అంకె గురించే.

ఎందుకో తెలియాలంటే ముందు ఒక మాట గుర్తుంచుకోవాలి: బూటు వేడి పుట్టించదు. పుట్టిన వేడిని పోనివ్వకుండా ఆపుతుంది, అంతే. ఆ వేడి కూడా పాదంలో పుట్టేది చాలా తక్కువ. అక్కడ ఉన్నదంతా ఎముకలు, నరాలు, చర్మం. వేడి పుట్టించే పెద్ద కండరాలు పైన తొడల్లో ఉన్నాయి. పాదానికి వెచ్చదనం మోసుకొచ్చేది నెత్తురే. ఒళ్ళు చల్లబడుతుంటే శరీరం ముందు గుండెనూ ఊపిరితిత్తులనూ చూసుకుంటుంది. కాళ్ళూ చేతుల చివర్లకు పోయే రక్తనాళాలను బిగించేస్తుంది. అందుకే చలికి మొదట మొద్దుబారేది కాలివేళ్ళు. మామూలుగా 30 డిగ్రీలకు పైనుండే పాదం చర్మం 15 డిగ్రీల దగ్గరకు దిగితే సలుపు మొదలవుతుంది. 10 కిందికి పోతే స్పర్శ పోతుంది. సున్నాకు కొంచెం దిగువన కణజాలమే గడ్డకట్టడం మొదలవుతుంది. అదే ఫ్రాస్ట్‌బైట్. నొప్పి ఆగిపోయింది కదా, తగ్గిపోయిందిలే అనుకునే ఆ మధ్య దశే అన్నిటికన్నా ప్రమాదం.

పీచు పొర చేసే పని గాలిని కదలకుండా పట్టి ఉంచడం. కదలని గాలిని మించిన కంబళి లేదు: దాని ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి 0.025 వాట్లు. అదే లెక్కన నీటిది 0.6. అంటే నీళ్ళు గాలికన్నా 24 రెట్లు వేగంగా వేడిని లాగేస్తాయి. మంచుగడ్డ అయితే ఇంకా ఘోరం, 2.2. పీచు సందుల్లో గాలి ఉన్నంతసేపే ఆ 40 గ్రాములకు విలువ. ఆ సందుల్లోకి నీరు చేరితే అది ఇన్సులేషన్ కాదు, తడిగుడ్డ. నీరు బయటి మంచు నుంచి వచ్చిందా, మన కాలి నుంచే వచ్చిందా అన్నది దానికి అనవసరం.

సైన్యాలు ఈ పాఠాన్ని చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914-15 శీతాకాలంలో, బురద నీటి కందకాల్లో నిలబడిన బ్రిటిష్ సైనికుల్లో 20,000 మందికి పైగా ట్రెంచ్ ఫుట్‌తో చికిత్సకు వచ్చారు. పాదం ఉబ్బి, రంగు మారి, పుండ్లు పడి, కొందరికి తీసేయాల్సి వచ్చేది. దానికి గడ్డకట్టే చలి అక్కర్లేదు. 15, 16 డిగ్రీల్లో కూడా వస్తుంది. గంటల తరబడి తడి ఉంటే చాలు. 1982లో ఫాక్‌లాండ్ దీవుల యుద్ధంలోనూ ఇదే బెడద తిరిగొచ్చింది. నీరు ఆపలేని బూట్లతో తడినేల మీద రోజుల తరబడి నడిచిన బ్రిటిష్ సైనికుల కాళ్ళు పాడయ్యాయి. ఆ తర్వాత బ్రిటిష్ సైన్యం బూటే మార్చింది.

ఇవి బయటి నీటి కథలు. లోపలి నీటి కథ కొరియాలో జరిగింది. 1950 నవంబరు చివర, చోసిన్ జలాశయం కొండల్లో రాత్రుళ్ళు మైనస్ 30 దాటి దిగిపోయాయి. అమెరికన్ మెరైన్ల కాళ్ళకు షూప్యాక్ అనే బూటు ఉండేది: కింద రబ్బరు, పైన తోలు, లోపల ఉన్ని అట్ట. బయటి నీటిని అది బాగానే ఆపేది. కానీ బరువులతో కొండలెక్కేటప్పుడు కాళ్ళు చెమటతో తడిసేవి. రబ్బరు దాన్ని బయటికి పోనిచ్చేది కాదు. నడక ఆగి కాపలాకు కూర్చోగానే ఆ చెమటే లోపల గడ్డకట్టేది. ఆ కొన్ని వారాల్లో ఒక్క మెరైన్ డివిజన్‌లోనే యుద్ధగాయాలు కాని కారణాలతో పనికిరాకుండా పోయినవాళ్ళు 7,000కు పైగా ఉన్నారు, వాళ్ళలో ఎక్కువమందిది చలి దెబ్బే. నడిచినప్పుడు కాపాడిన బూటు కూర్చున్నప్పుడు కాటేసింది.

దీనికి అమెరికా సైన్యం కనిపెట్టిన విరుగుడు వింతగా ఉంటుంది. చెమటను బయటికి పంపే ప్రయత్నమే మానేశారు. రెండు రబ్బరు గోడల మధ్య ఉన్నిని పెట్టి గాలి చొరకుండా సీలు చేశారు. చెమట కాలి దగ్గరే ఉంటుంది, కాలు తడిగానే ఉంటుంది, కానీ ఉన్నికి చుక్క కూడా తగలదు. తెల్ల రబ్బరుతో ఉబ్బెత్తుగా ఉండే ఆ బూటును సైనికులు బన్నీ బూట్ అన్నారు. దాన్ని మైనస్ 54 డిగ్రీల దాకా పనికొచ్చేదిగా లెక్కగట్టారు. విమానంలో పైకి వెళ్ళినప్పుడు గోడల మధ్య గాలి వ్యాకోచించి పగలకుండా పక్కన చిన్న వాల్వు కూడా పెట్టారు. అలాస్కాలో ఇప్పటికీ దాన్ని వెతికి కొనుక్కునేవాళ్ళున్నారు. నా దృష్టిలో చలి బూట్లలో ఇంత నిజాయితీగా ఆలోచించి చేసినది మరొకటి లేదు. అయితే దానికి తగిన క్రమశిక్షణ కావాలి: రోజూ సాక్సు విప్పి కాళ్ళు ఆరబెట్టుకోకపోతే ట్రెంచ్ ఫుట్ బూటులోపలే తయారవుతుంది.

తోలు బూటుది దీనికి పూర్తిగా ఎదురు దారి. తోలు శ్వాసిస్తుంది. నీటి చుక్కను ఆపుతూనే ఆవిరిని పోనిస్తుంది, కాలి వంపుకు తగ్గట్టు సాగుతుంది, రాయి గీసుకున్నా తట్టుకుంటుంది. పచ్చి చర్మాన్ని 60, 65 డిగ్రీల నీటిలో వేస్తే ముడుచుకుపోతుంది. క్రోమియం లవణాలతో ఊనిన తోలు మరిగే నీటిని కూడా తట్టుకుంటుంది, ఎందుకంటే క్రోమియం కొల్లాజెన్ పోగుల మధ్య పట్టీలు వేసినట్టు కూర్చుంటుంది. ఈ శాస్త్రాన్ని మనదేశంలో నిలబెట్టినవాళ్ళలో పెద్ద పేరు మన యలవర్తి నాయుడమ్మ గారిది. తెనాలి ప్రాంతంలోని యలవర్రులో 1922లో పుట్టి, మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు 1958 నుంచి 1971 దాకా డైరెక్టరుగా ఉన్నారు. ఊరి చివర, చులకనగా చూసిన పనిని ప్రయోగశాలకు తెచ్చి గౌరవం ఇప్పించిన మనిషి. 1985 జూన్ 23న కనిష్క విమానం పేలుడులో ఆయన్ను పోగొట్టుకున్నాం.

తోలు ఎంత మంచిదైనా బూటు అంటే తోలొక్కటే కాదు. కుట్లు ఉంటాయి, కుట్టుకో సూది రంధ్రం ఉంటుంది. తోలూ రబ్బరూ కలిసే చోటు ఇంకా కష్టం. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని లియోన్ లియోన్‌వుడ్ బీన్ 1912 ప్రాంతంలో రబ్బరు అడుగుకు తోలు పైభాగం కుట్టి వేటగాళ్ళకు 100 జతలు అమ్మితే 90 జతలు వెనక్కి వచ్చాయి, కుట్టు దగ్గర ఊడిపోయి. ఆయన అందరికీ డబ్బు తిరిగిచ్చి, అప్పు చేసి మళ్ళీ చేయించాడు. ఆ నమూనా ఇప్పటికీ అమ్ముడవుతోంది. వంద సంవత్సరాలు దాటినా బూటు మొదట కారేది ఆ కలిపిన చోటే. కొనేటప్పుడు ముందుభాగాన్ని చేత్తో వంచి ఆ గీత వెంట చూడండి.

రంధ్రాల బాధ తీర్చడానికి ఇప్పుడు తోలుకు లోపల ఒక సాక్సులాంటి పల్చని పొర పెడుతున్నారు. 1969లో బాబ్ గోర్ అనే అమెరికన్ ఒక ఫ్లోరిన్ ప్లాస్టిక్ కడ్డీని వేడిచేసి మెల్లగా సాగదీస్తుంటే అది తెగిపోతూనే ఉంది. విసుగెత్తి ఒక్క గుంజు గుంజాడు. తెగకుండా ఎన్నో రెట్లు సాగింది, నిండా సూక్ష్మ రంధ్రాలతో. అదే గోర్‌టెక్స్. చదరపు అంగుళానికి సుమారు 900 కోట్ల రంధ్రాలు. ఒక్కోటి నీటి చుక్కకన్నా 20,000 రెట్లు చిన్నది, ఆవిరి అణువుకన్నా 700 రెట్లు పెద్దది అని చెబుతారు. నీరు రాదు, ఆవిరి పోతుంది. చాలాకాలం వాడిన ఆ ఫ్లోరిన్ ప్లాస్టిక్ బదులు 2022 నుంచి గోర్ కంపెనీ ఫ్లోరిన్ లేని పాలిథిన్ పొరను కూడా తెచ్చింది.

ప్రకటనల్లో దీన్ని అద్భుతంగా చెబుతారు. గడ్డకట్టే చలిలో మాత్రం దాని శక్తి తగ్గుతుందని చెప్పరు. ఆవిరి బయటికి పోవాలంటే దారి పొడుగునా అది ఆవిరిగానే ఉండాలి. కాలి దగ్గర 30 డిగ్రీలు, తోలు బయట మైనస్ 20 ఉన్నప్పుడు మధ్యలో ఎక్కడో ఒకచోట అది చల్లబడి నీరవుతుంది, ఇంకా బయటికి పోతే గడ్డవుతుంది. ఆ మధ్య ఉన్నదేమిటి? మన 40 గ్రాముల పీచే. రెండు డిగ్రీల వానలో చక్కగా పనిచేసే పొర మైనస్ 20లో అందుకే చెమటను అంతగా దాటించలేదు. తోలు బూటు నాకిష్టమే, కానీ దాని చోటు తడిచలి: ఐదు డిగ్రీల వాన నుంచి మైనస్ 15, 20 దాకా, కదులుతూ చేసే పని. అంతకు దిగువన రోజంతా నిలబడేవాళ్ళకు విప్పి ఆరబెట్టగల లోపలి బూటు ఉన్న రకం కావాలి.

కదలిక అనే మాట ఊరికే అనలేదు. ఊరికే కూర్చున్న మనిషి శరీరం సుమారు 115 వాట్ల వేడి పుట్టిస్తుంది. మంచు తవ్వుతున్నవాడు, పైపులు మోస్తున్నవాడు 400 వాట్లు దాటుతాడు. అదే మైనస్ 10లో ఇద్దరికీ ఒకే బూటు ఎలా సరిపోతుంది? నడిచే పనికి 200 గ్రాములు, కాసేపు నడక కాసేపు నిలకడ అయితే 400, గేటు దగ్గర కాపలాకు, క్రేన్ క్యాబిన్‌లో కూర్చునేవాళ్ళకు 800 పైన. కాపలావాడి బూటు తవ్వేవాడు వేసుకుంటే మొదటి గంటలోనే చెమట పట్టి, రెండో గంటకు తడిసి, టీ విరామంలో చలికి దొరికిపోతాడు. పైగా ఎక్కువ పీచు అంటే ఎక్కువ బరువు. కాలికి కట్టిన బరువు మోయడానికి అదే బరువు వీపు మీద మోయడానికన్నా నాలుగు నుంచి ఆరు రెట్లు శక్తి ఖర్చవుతుంది. శక్తి ఖర్చయితే మళ్ళీ చెమట. పని చేసే మనిషి ‘ఎందుకైనా మంచిది’ అని పెద్ద అంకె కొనుక్కుంటే అది మంచి చేయదు.

ఆ గ్రాములు ఏవీ అరికాలి కింద పనిచేయవన్నది చాలామందికి తట్టని సంగతి. మనిషి బరువు పడగానే పీచు అణిగిపోయి గాలి బయటికి పోతుంది. కింద కాపాడేది అట్ట మందమే. రెండు సెంటీమీటర్ల రబ్బరు అట్ట, 200 చదరపు సెంటీమీటర్ల అరికాలు, కాలు 20 డిగ్రీలు, నేల మైనస్ 20 అనుకుని లెక్క వేస్తే ఒక్కో కాలి నుంచి దాదాపు 6 వాట్లు నేలలోకి పోతాయి. లోపల 9 మిల్లీమీటర్ల ఉన్ని అట్ట ఒకటి వేస్తే అది రెండున్నర వాట్ల దగ్గరకు దిగుతుంది. సగానికన్నా తక్కువ. బూటు ఖరీదులో చిన్న ముక్క కూడా కాదు దాని ధర. ఇనుప ప్లాట్‌ఫారం మీద, కాంక్రీటు మీద కదలకుండా నిలబడేవాళ్ళు కాళ్ళ కింద ఒక చెక్క పలక వేసుకున్నా ఫలితం అలాగే ఉంటుంది.

భద్రతా బూట్ల మీద ఉండే గుర్తులకు వద్దాం. యూరప్ ప్రమాణం 20345లోనూ, దాని బాటలో ఉన్న మన ఐఎస్ 15298లోనూ కాలివేళ్ళను కప్పే ముందు టోపీ 200 జౌళ్ళ దెబ్బ తట్టుకోవాలి. అంటే 20 కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడినంత. చలికి గుర్తు ‘సీఐ’. దాని పరీక్ష ఇదీ: మామూలు గది వేడిలో ఉంచిన బూటును మైనస్ 17 డిగ్రీల గదిలో అరగంట పెడతారు. లోపలి అట్ట మీద వేడి 10 డిగ్రీలకు మించి పడిపోకూడదు. 23 దగ్గర మొదలైతే అరగంటకు 13కు దిగినా పాసే. షిఫ్టు అరగంట కాదు, ఎనిమిది గంటలు. ఆ గుర్తు ఉండటం మంచిదే, దాన్ని మైనస్ 17లో రోజంతా నిలబడటానికి హామీగా చదువుకోకూడదు. ఇక అట్టపెట్టె మీద ‘మైనస్ 40’ అని రాస్తారే, దానికి కంపెనీలన్నీ పాటించే ఒకే పరీక్ష లేదు. ఎవరి పద్ధతి వాళ్ళది. ఒక సౌలభ్యం మాత్రం ఉంది: సెల్సియస్, ఫారెన్‌హీట్ రెండూ కలిసేది మైనస్ 40 దగ్గరే కాబట్టి ఏ డిగ్రీలో అని అడగక్కర్లేదు.

వాతావరణ వార్తల్లో వచ్చే విండ్ చిల్ అంకె కూడా కాలికి వర్తించదు. మైనస్ 20లో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే మైనస్ 33లా అనిపిస్తుందని చెప్పేది ముఖం మీది చర్మానికి. గాలి చొరని బూటులో ఉన్న కాలికి లెక్కలోకి వచ్చేవి అసలు అంకె మైనస్ 20, కింద నేల ఎంత చల్లగా ఉందన్నదీ.

ఇదంతా మనకెందుకు అనుకునేవాళ్ళకు ఒకటి రెండు మాటలు. ఆగస్టులో చదువుకు వెళ్ళే మన పిల్లలు క్యాన్వాసు బూట్లతో షికాగోలో దిగుతారు. 2019 జనవరి 30న ఆ ఊళ్ళో మైనస్ 30.6 డిగ్రీలు నమోదైంది. ఆ చలిలో బస్టాపులో 20 నిమిషాలు నిలబడటం కూడా ఆరుబయట పనే. కశ్మీరు, లద్దాఖ్ మధ్య 11,500 అడుగులకు పైన ఉన్న జోజిలా కనుమ కింద 13 కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్వుతున్నది హైదరాబాదు సంస్థ. అంత ఎత్తులో ప్రాణవాయువు తక్కువ కావడంతో కాలివేళ్ళకు నెత్తురు ఇంకా తగ్గుతుంది. ఇంటి దగ్గర చూస్తే మన కోస్తాలో రొయ్యల ప్లాంట్లున్నాయి. సరుకు మైనస్ 18 లేదా అంతకు దిగువన నిల్వ ఉండే గదుల్లోకి, తడి నేల మీది నుంచి నేరుగా, లోపల ఏ పొరా లేని పల్చని గమ్ బూట్లతో వెళ్ళి వచ్చే కూలీలను చూస్తే మనసు చివుక్కుమంటుంది. వాళ్ళకు కూడా ఇన్సులేషన్ ఉన్న బూటు, ఉన్ని అట్ట ఇవ్వడం భారం కాదు.

ఇచ్చేవాళ్ళు ఒక జత ఇచ్చి ఊరుకోకూడదు. సియాచిన్ లాంటి ఎత్తైన చోట్ల ఉన్న సైనికులకు 2015 నవంబరు నుంచి 2016 సెప్టెంబరు దాకా కొత్త బహుళ ప్రయోజన బూట్లు అందక, ఉన్నవాటినే బాగుచేసి తిరిగి వాడుకోవాల్సి వచ్చిందని 2020లో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక చెప్పింది. వాడిన బూటులో పీచు అణిగి ఉంటుంది, పొర చిల్లులు పడి ఉంటుంది. బయటికి బాగానే కనిపిస్తుంది.

కొనేవాళ్ళకు నా సలహాలు కొన్నే. సాయంత్రం, పనిలో వేసుకునే మందపాటి సాక్సుతోనే సైజు చూసుకోండి. వేళ్ళు లోపల ఆడాలి. బిగుతైతే నెత్తురూ ఆగుతుంది, గాలీ అణుగుతుంది. రెండేసి సాక్సులు కుక్కితే ఇదే నష్టం. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చినా తడిగా తోచదు. నూలు సాక్సు తడిసి చతికిలబడి కాలికి అంటుకుంటుంది. మధ్యాహ్నం భోజనం దగ్గర సాక్సు మార్చుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. బూటు ఎనిమిది అంగుళాలున్నా, నీరు ఆపేది లేసుల కింద ఉండే నాలుకను రెండు పక్కలా తోలుతో కలిపి కుట్టిన ఎత్తు వరకే. తడిసిన బూటును పొయ్యి దగ్గర, హీటరు ముందు పెట్టొద్దు. నూనె ఆరిపోయి తోలు బిరుసెక్కి పగులుతుంది, అట్ట జిగురు వదులుతుంది. లోపలి అట్ట బయటికి తీసి, పాత పేపర్లు ఉండచుట్టి కూరి, గంట తర్వాత ఆ పేపర్లు మార్చండి.

రెండు జతలు ఉండాలా అన్న సందేహం ఉంటే తేల్చడానికి వంటింటి త్రాసు చాలు. పనికి వెళ్ళేముందు ఒక బూటు తూచి అంకె రాసుకోండి. ఇంటికి రాగానే బయటి మంచు తుడిచి మళ్ళీ తూచండి. ఎక్కువ చూపిన గ్రాములన్నీ నీళ్ళే. మర్నాడు పొద్దున్న మూడోసారి తూచండి. మొదట రాసుకున్న అంకెకు దిగలేదంటే ఆ బూటు ఇంకా తడిగానే ఉంది. రెండో జత వేసుకుని బయల్దేరండి.